మూడు మంచి విషయాలు

"టేపు సాగిపోయింది," అన్నారు హెడ్మాస్టారు, పొట్ట లోపలికి పీల్చుకుని.

"టేపు కొత్తది సార్. పన్నెండు వారాల కింద మీ నడుం నలభై రెండు అంగుళాలు. ఇవాళ నలభై మూడు," అంది ఆసుపత్రి కౌన్సిలర్.

హెడ్మాస్టారు ఊపిరి వదిలారు. పొట్ట తన చోటుకి తాను వచ్చేసింది. ఈ అమ్మాయి చిన్నప్పుడు ఆయన బడిలోనే చదివింది. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. అలాంటిది ఇవాళ తనకే అంకెలు చెబుతుంటే ఆయనకి ఒళ్లు మండిపోయింది.

జబ్బు పేరు మెటబాలిక్ సిండ్రోమ్. నడుం చుట్టూ కొవ్వు, నెత్తురులో కొవ్వు, బీపీ, చక్కెర, అన్నీ కలిసి ఒకే ఒంట్లో కాపురం పెట్టడమన్నమాట. తిండీ మనసూ మార్చుకోవడానికి డాక్టరు మూడు నెలల గడువిచ్చాడు. అప్పటికీ దారికి రాకపోతే రోజూ ఇంజెక్షనే అని తేల్చి చెప్పాడు. బెత్తం పట్టుకుని బడినంతా గడగడలాడించే హెడ్మాస్టారికి సూదంటే మాత్రం చచ్చేంత భయం.

ఆ మార్చే పని ఈ అమ్మాయిది. ఏం తినాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. ఒక నోటుబుక్కు చేతిలో పెట్టి, రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాయమంది. మనసు తేలికపడితే నోరు దానంతటదే అదుపులోకి వస్తుందట.

"నోటుబుక్కు తెచ్చారా సార్?"

"ఏమే, ఇవ్వు," అన్నారాయన వెనక్కి చూడకుండానే. గోడవారన స్టూలు మీద కూర్చున్న భార్య సంచీలోంచి తీసి అందించింది.

కౌన్సిలర్ మొదటి పేజీ చూసి తలెత్తింది. "ఇది మీ చేతిరాత కాదు కదా సార్?"

ఐదేళ్లపాటు ఎర్రసిరా తిట్లు తిన్న పిల్లకి ఆయన చేతిరాత తెలియకుండా ఉంటుందా? అక్కచేత హోంవర్కు చేయించుకొచ్చిన పిల్లల్ని ఎండలో నిలబెట్టే మహానుభావుడు తడుముకోకుండా అబద్ధమాడేశారు.

"రాసింది ఆవిడ. చెప్పింది నేను. డిక్టేషను అంటారు దాన్ని. మీ బ్యాచికి అదీ సరిగ్గా వచ్చేది కాదులే."

నిజానికి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. నోటుబుక్కు తెచ్చిన రోజే భార్య ఒళ్లో పడేసి, "ఏదో ఒకటి గీకి పెట్టు. సంతోషాలు రాసుకుంటే కొవ్వు కరుగుతుందట, ఎవరన్నా వింటే నవ్విపోతారు," అన్నారు. తిండి సంగతీ అంతే. ఉడికించిన కూరగాయలు పెడితే కంచం పక్కకి తోసేసి, "గడ్డి తినడానికి నేనేమన్నా గొడ్డునా? నువ్వే తిను," అనేవారు. పారేస్తే అదో రభస కాబట్టి ఆవిడ తినేసేది.

కౌన్సిలర్ పైకి చదవసాగింది. "ఒకటి, ఇవాళ అరికాళ్ల మంటలు కొంచెం తక్కువ. రెండు, రాత్రి దాహానికి రెండుసార్లే లేచాను. మూడు, ఎవరూ కసురుకోలేదు." ఇంకో పేజీ తిప్పింది. "కాలివేలి పుండు చీము పట్టలేదు. మెట్లెక్కుతుంటే కళ్లు తిరగలేదు... సార్, ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

హెడ్మాస్టారు తెల్లమొహం వేశారు. డిక్టేషను అని గొప్పగా అనేశాక ఇప్పుడు కాదనడానికి పరువు అడ్డొచ్చింది.

"ఏమండీ, చెప్పేద్దామండీ," అంది భార్య నెమ్మదిగా.

"నువ్వూరుకో!" అని కసిరి, కౌన్సిలర్ వైపు తిరిగారు. "మంచివే రాయమన్నావుగా? రాశాం. చెడ్డవి నీకెందుకు చెప్తాను?"

"ఆ పుండు ఒకసారి చూపిస్తారా?"

"మానిపోయింది."

భార్య తన కాళ్లు స్టూలు కిందకి లాక్కుంది. ఆయన చూడలేదు. ఆవిణ్ణి చూసే అలవాటు ఆయనకి ఎన్నడూ లేదు.

"ఈ సోదంతా ఎందుకమ్మాయ్?" అన్నారు ధీమాగా. "నడుందేముంది, వయసుతో పెరుగుతుంది. నిన్న పొద్దున ల్యాబువాళ్లు ఇంటికొచ్చి రక్తం పట్టుకెళ్లారుగా, అది చూడు. అందులో చక్కెర దిగితే సూది అక్కర్లేదనేగా డాక్టరు మాట?"

ఆమె కంప్యూటర్లో రిపోర్టు తెరిచింది. చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

"పరగడుపున మూడువందల నలభై ఉంది సార్."

"ఏదో తప్పు చదివావు. చిన్నప్పట్నుంచీ నీకు అంకెలు..."

"తప్పు కాదు సార్. మూడు నెలల సగటు కూడా అలాగే ఉంది. కిడ్నీల మీద కూడా దెబ్బ మొదలైంది. కాలికి పుండు కూడా అంటున్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే కాలే తీసెయ్యాల్సి రావచ్చు." తిట్లు తిన్న పిల్లే అయినా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా పక్కగదిలోకి వెళ్లి డాక్టరుతో మాట్లాడి, నర్సుని వెంటబెట్టుకుని వచ్చింది. "ఇన్సులిన్ ఇప్పుడే మొదలుపెట్టాలి సార్."

హెడ్మాస్టారు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు. నర్సు సిరంజిలోకి మందు ఎక్కించి, దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది.

"చొక్కా పైకి తియ్యండి సార్."

"ఆగమ్మా, ఆగు!"

పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆయన లేచి నిలబడ్డారు. నిలబడీ నిలబడగానే ఏదో తట్టినట్టు మొహం వెలిగిపోయింది. నుదుటి చెమట తుడుచుకుని, మూడు నెలల్లో మొదటిసారి మనసారా నవ్వారు.

"ఆ రక్తం నాది కాదు తల్లీ! గడ్డి తినేది ఇదే కదా, రిపోర్టు బాగా వస్తుందని ల్యాబువాడికి దీని చెయ్యే చాపించాను. హమ్మయ్య, నాకేం లేదు!"