సుకిరి అంటే...

"అది గడప తొక్కిందంటే కాళ్లిరగ్గొడతాను!" గుమ్మానికి రోకలి అడ్డం పెట్టింది సుకిరి.

రంగూన్ బియ్యం మిల్లులో కూలికని వెళ్లిన మొగుడు బుధు నాలుగేళ్లకి అరకు కొండెక్కి వచ్చాడు. పక్కన సిగలో పువ్వుతో ఒక బర్మా ఆడమనిషి. ఆ పువ్వు చూడగానే సుకిరి రోకలి పైకెత్తింది.

"ఎవుర్తిది? ఎక్కడ్నించి తోలుకొచ్చావు?"

బుధు తల దించుకున్నాడు. ఆమే నవ్వుతూ గుండె మీద చెయ్యేసుకుని, మిల్లు కూలీల దగ్గర నేర్చిన తెలుగులో చెప్పింది. "నేను... సుకిరి."

"ఏటీ! మొగుడు సాలక నా పేరు కూడా కావాలేటి నీకు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "పేరా?" అంటూ బుధు వైపు తిరిగింది. "నిద్దట్లో సుకిరీ అని పిలిసినావు. అంటే ఏటని అడిగితే, పెళ్లామన్నావు. మీ మాటలో పెళ్లాన్ని సుకిరి అంటారని, నన్నే పిలిసినావని అనుకున్నాను."

బుధు ఒక అడుగు వెనక్కేశాడు.

సుకిరి చేతిలో రోకలి మెల్లగా కిందికి దిగింది. "నీ పేరేటి గుంటా?" అంది.

ఆమె సిగలో పువ్వు పీకి పారేసి, సుకిరిని ఎగాదిగా చూసింది.

ఇందాకటి దాకా సుకిరి ఆమెని సవతిలా చూసిన చూపే అది.