కాపీలో కలిసిన గొంతు

బ్రాడీపేటలోని తన సీడీల షాపులో షబ్బీరు ఆ రాత్రి చర్చి పాటల సీడీకి కాపీ తీసి, అలవాటు ప్రకారం రెండూ వరసగా విన్నాడు. కాపీలో మాత్రం ఒక బొంగురు గొంతు ప్రతి చరణాన్నీ అందరికంటే ఆలస్యంగా అందుకుంటోంది.

సీడీ తెచ్చిన పాటల మాస్టారు నతానియేలు ఎదురుగా కూర్చుని పకపకా నవ్వాడు.

"మా ప్రేమదాసండీ! బతికున్నన్నాళ్లూ ఇంతే, లేటుగానే అందుకునేవాడు. రికార్డింగుకి ముందే పోయాడు, పాపం."

"తేడా ఉన్న కాపీ నేనివ్వనండీ. ఇంకోటి తీస్తా," అన్నాడు షబ్బీరు, కొత్త సీడీ పెడుతూ.

రెండో కాపీలో ఆ గొంతు అందరితో సమంగా కలిసింది.

"పోయాక తాళం కుదిరిందండీ వాడికి! ఇంకోటి తియ్యండి."

మూడో సీడీ కంప్యూటర్లో ఇంకా తిరుగుతూనే ఉంది. స్పీకర్లు ఆపేసి ఉన్నాయి. షబ్బీరు కుర్చీ వెనకాల ఎవరో బొంగురుగా గొంతు సవరించుకున్నారు.