వల వేసిన చోటు

"ఇవేటి బావా ఇక్కడున్నాయి?"

లాప్‌టాప్ తెర మీద సముద్రం పటం, దాని మీద ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్కా కామేశ్ వాళ్ళ అయ్య జోగారావు వల వేసిన చోటు.

ప్రదీప్ చేతిలో టీ గ్లాసు కింద పెట్టలేదు. "నమూనా డేటా. ఉదాహరణ నడవాలి కదా మరి."

"నేను అంకెలు కలగాపులగం చేసి ఇచ్చిన ఫైలేది?"

"తీసేశాను."

కాశీబుగ్గ బస్టాండు వెనక అద్దె గది అది. ఏడాదిన్నరగా ఇద్దరూ అందులోనే కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ రాశారు. నెల, గాలి, నీటి వేడి, వల వేసే చోటు ఇస్తే చేప ఎంత పడుతుందో గణాంకాలతో అంచనా కట్టి చెబుతుంది. ఎవరైనా ఉచితంగా దించుకునే రిపాజిటరీకి దాన్ని పంపాలి. పంపడమంటే మాటలా! ఆ రిపాజిటరీవాళ్ళవి సవాలక్ష నిబంధనలు. ప్రతి ఫంక్షన్‌కీ వివరణ ఉండాలి, ప్రతి వివరణకీ నడిచే ఉదాహరణ ఉండాలి, తనిఖీలో ఒక్క తప్పు రాకూడదు, ఒక్క హెచ్చరిక రాకూడదు. ఇక ఇదే ఆఖరి తనిఖీ అనుకుని కామేశ్ కూర్చుంటే ఈ చుక్కలు కనబడ్డాయి.

"మా అయ్యకి మాటిచ్చాను," అన్నాడు కామేశ్. "గంగమ్మ మీద ఒట్టేశాను. రెండేళ్ళు రోజూ ఒడ్డుకి రాగానే ఫోన్ చేసి, జీపీఎస్‌లో వల వేసిన చోటు చూసి, ఇన్ని డిగ్రీలు, ఇన్ని నిమిషాలు అని చదివి చెప్పాడు. బయటోడికి కనపడనివ్వనని నేను ఒట్టేసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదరా! మా అమ్మ వండిన పులుసు తింటా నువ్వూ తలూపినావు కదా!"

"ఊపాను. కాదనలేదు. కానీ నీ ఉత్తుత్తి అంకెలతో నడిపిస్తే అంచనా ఒకచోట, చేప ఒకచోట. అసలువి పెట్టేసరికి గీత గీసినట్టు కుదిరింది. నువ్వే చూడు. అబద్ధం అంకెలతో ప్యాకేజీ పంపితే మన పరువేం కావాలి?"

"నీ పరువు సంగతి తరవాత. ముందు తీసెయ్."

ప్రదీప్ కిటికీలోంచి బయటికి చూశాడు. "మొన్ననే పంపేశాను బావా. నిన్న పెట్టేశారు కూడా."

కామేశ్ లాప్‌టాప్ తన వైపు లాక్కున్నాడు. "అయితే వెనక్కి తీసుకో."

"తీసుకున్నా పాత కాపీ వాళ్ళ దగ్గర ఎప్పటికీ ఉంటుంది. అది వాళ్ళ రూలు. కావలసినోడు దించుకోవచ్చు."

"నమ్మించి గొంతు కోశావు కదరా!" కామేశ్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "నీకేం, టెక్కలిలో మీకు పొలాలున్నాయి. మాకు ఆ చుక్కలే పొలాలు."

ప్రదీప్ ఏదో అనబోయాడు. వినడానికి కామేశ్ అక్కడ ఉంటే కదా! బండి తీసి సంతబొమ్మాళి వైపు, అయ్య ఉండే రేవుకి పోనిచ్చాడు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. అయ్యకి ఎలా చెప్పడం? "ఎక్కడ పడ్డాది మావా?" అని ఒడ్డున ఎవరైనా అడిగితే, ఉత్తరాన పడ్డది దక్షిణాన పడ్డదని చెప్పే మనిషి జోగారావు. ఆయనొక్కడేం కాదు, ఆ రేవులో అందరూ అంతే. సొంత బావమరిదికి కూడా చెప్పని చోట్లు తనకి చెప్పాడు. ఆ నమ్మకాన్ని తీసుకెళ్ళి ప్రదీప్ గాడి చేతిలో పెట్టాడు తను. తన చెప్పు తీసుకుని తనే కొట్టుకోవాలనిపించింది.

జోగారావు ఒడ్డున పడవ నీడలో కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. కొడుకుని చూసి చెయ్యి ఆపాడు. "ఏటిరా, ఈయేలప్పుడొచ్చినావు? ఒంట్లో బాగానే ఉందా?"

కామేశ్ ఇసకలో కూలబడ్డాడు. ప్రదీప్ చేసిన పని మొత్తం చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. "ఒట్టు తప్పాను అయ్యా. నన్ను కొట్టు, తిట్టు."

జోగారావు వల పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు. "ఏ అంకెలెట్టినాడు? నాను ఫోన్లో సెప్పినవేనా?"

"అవే."

"ఏటీ మార్సకుండా?"

"ఒక్క అంకె కూడా మార్చలేదు. ఉన్నవి ఉన్నట్టు పెట్టాడు, దొంగ సచ్చినోడు."

"ఓస్, అంతేనా! నీకేటో అయిపోనాదనుకున్నాను." జోగారావు మళ్ళీ వల అందుకున్నాడు. "ఇంటికెళ్ళు. మీయమ్మ అన్నం వండేసినాది, తినెల్లు."

కామేశ్‌కి అర్థం కాలేదు. అయ్యకి ఈ కంప్యూటర్ల సంగతి తెలియక తేలిగ్గా తీసుకుంటున్నాడనుకున్నాడు.

"అయ్యా, లోకమంతా చూస్తుంది! పెద్ద మరబోట్లోళ్ళు చూస్తారు. ఆ చోట్లకే తిన్నగా వచ్చి అడుగు దాకా గీకేసి పట్టుకుపోతారు."

"రానీరా. ఆల డీజిలు దండగ."

"అదేటి?"

జోగారావు దారం పళ్ళతో కొరికాడు. కొడుకు మొహం చూడలేదు.

"కన్నకొడుకువే గానీ ఒడ్డు మీదోడివి కదరా. పడవెక్కనోడికి సోటు సెప్పకూడదని, రెండేళ్ళూ నీకు నిమిషాల కాడ మూడేసి కలిపే సెప్పినాను."