మంచి అన్నదమ్ములు

మధ్యాహ్నం మూడింటికి వంటింట్లో దీపం దానంతటదే ఆరిపోయి, వెలిగి, మళ్ళీ ఆరింది.

పెయ్‌లింగ్ ముల్లంగి తరుగుతోంది. కత్తి ఆపి పైకి చూసింది. బయట తుఫాను. తైనాన్ వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు పోతుందేమో అనుకుంది. కానీ ఫ్రిజ్ మోత ఆగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. దీపం ఒక్కటే కొట్టుకుంటోంది.

హాల్లోకి వచ్చింది. వంటింటి దీపం నిలకడగా వెలిగింది. హాల్లోది కొట్టుకోవడం మొదలుపెట్టింది.

పడగ్గదిలోకి వెళ్ళింది. ఇప్పుడక్కడ.

"అత్తయ్యా, దీపాలు నా వెంట పడుతున్నాయి."

అత్తగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని పుచ్చగింజలు కొరుకుతోంది. "మీ ఆయన పనితనమేలే. మా వాడికి నీతో కన్నా ఆ డబ్బాతోనే కాపురం ఎక్కువ."

డబ్బా అంటే చెప్పుల అలమరలో ఉన్న కంప్యూటరు. ఆఫీసులో పారేస్తుంటే జుంగ్‌యెన్ మోసుకొచ్చాడు. లినక్సు ఎక్కించాడు. ఇంట్లో దీపాలూ కర్టెన్లూ అన్నీ దాని మాటే వింటాయి. మనిషి ఏ గదిలో ఉన్నాడో కనిపెట్టే గింజంత కళ్ళు మూలమూలా అంటించాడు. బజార్లో దొరికే సామాను కొనుక్కోవచ్చుగా అంటే ఒప్పుకోలేదు. "మన ఇంటి గుట్టు కంపెనీవాడికెందుకు? నెట్ పోయినా మన దీపాలు మన మాట వినాలి" అన్నాడు.

అడుగుదామంటే మనిషి ఇంట్లో లేడు. అరగంట కిందటే తాళాలు తీసుకుని లేచాడు. "సెల్లార్లోకి నీళ్ళొస్తే కారు చస్తుంది. పైవంతెన మీద పెట్టొస్తా. నాకోసం కాచుక్కూచోకండి" అని వెళ్ళాడు. తుఫానంటే ఊళ్ళో కార్లన్నీ వంతెనలెక్కుతాయి. పెట్టి, ఈ వానలో నడిచి రావాలి. ఎంతసేపవుతుందో.

ఫోన్ చేసింది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. నెట్ పొద్దున్నే పోయింది.

ఎవరో తలుపు తట్టారు. పెయ్‌లింగ్ ఉలిక్కిపడి, తర్వాత తీసింది. పైవాటా చువాంగ్‌గారు కొవ్వొత్తుల కోసం వచ్చాడు. టెలిఫోన్ శాఖలో చేసి రిటైరైన మనిషి.

ఆమె చెప్పిందంతా విని ఆయన నవ్వాడు. "ఎవడో దూరం నుంచి మీ కంప్యూటర్లో దూరుంటాడు. ఈ రోజుల్లో..."

"నెట్ లేదు కదండీ."

ఆయన నవ్వు ఆగిపోయింది. "లేదు కదూ. అయితే బయటివాడికి సాధ్యం కాదమ్మా. చేస్తున్నవాడెవడో మీ వైఫై అందేంత దగ్గర్లో ఉండాలి."

"అంటే?"

"అంటే దగ్గర్లోనే ఉన్నాడని." ఆయన గోడలవంక ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "గడియ పెట్టుకో. మీ ఆయన వచ్చేదాకా ఎవరికీ తియ్యకు."

పెయ్‌లింగ్ గడియ పెట్టింది. ముల్లంగి కత్తి పట్టుకుని మంచం కింద వంగి చూసింది. బీరువా తెరిచింది. బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక చూసింది. ఎవరూ లేరు. ఆమె ఏ గదిలో అడుగు పెడితే ఆ గదిలో దీపం కొట్టుకుంటోంది. తనెక్కడుందో వాడికి తెలుసు. తనకే వాడెక్కడున్నాడో తెలియదు.

అంతలో ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

తుఫాను మబ్బుకి ఇంట్లో చీకటి కమ్మింది. గుమ్మం దగ్గరి దీపం మాత్రం వెలిగింది. ఆరింది. వెలిగింది. ఆగకుండా అదొక్కటే.

అత్తగారు పుచ్చగింజల గిన్నె పక్కన పెట్టింది. "ఇది ఏడో నెల కదే. పోయినవాళ్ళు తిరిగొచ్చే నెల."

"దయ్యాల..."

"నోరుముయ్. ఈ నెలలో ఆ మాట అనకూడదు. మంచి అన్నదమ్ములు అనాలి." ఆవిడ సోఫాలోంచి లేచింది. "గుమ్మం వైపు పిలుస్తున్నారు. బయటికి రమ్మంటున్నారు."

పెయ్‌లింగ్ రెండడుగులు గుమ్మం వైపు వేసింది. దీపం ఇంకా వేగంగా కొట్టుకుంది. ఆమె గడియ మీద చెయ్యి వేసింది. దీపం ఒక్కసారి నిలకడగా వెలిగి, అలాగే ఉండిపోయింది. ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టు.

"తియ్యకే. పిలిచారు కదాని వెళ్తే నిన్ను వెంటబెట్టుకుపోతారు. మా మేనత్త అలాగే పోయింది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. దీపం మళ్ళీ కొట్టుకుంది. పిచ్చిగా, లెక్కా పత్రం లేకుండా.

ముసలావిడ మూడు అగరొత్తులు వెలిగించి కిటికీ వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "అన్నల్లారా, తమ్ముళ్ళారా, మా గుమ్మం వదిలి వెళ్ళండి. నా కొడుకు వానలో ఉన్నాడు. వాణ్ణి మాత్రం చల్లగా ఇల్లు చేర్చండి నాయనా."

దీపం ఆగలేదు.

పెయ్‌లింగ్ ఇక తట్టుకోలేకపోయింది. చెప్పుల అలమర తెరిచింది. లోపల డబ్బా గుర్రుమంటూ వెచ్చగా ఉంది. మొన్నే జుంగ్‌యెన్ చెప్పాడు, దాన్ని ముట్టుకోవద్దని. ఆమె కళ్ళు మూసుకుని తీగ పట్టి లాగేసింది.

గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది. గుమ్మం దీపం ఆరింది. మళ్ళీ వెలగలేదు.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పోయారు" అంది అత్తగారు. ఆవిడ ఇన్నాళ్ళకి కోడలి చెయ్యి పట్టుకుంది.

పెయ్‌లింగ్ గోడ తడుముకుంటూ వెళ్ళి, వంటింటి దీపం చేత్తో వేసింది. వెలిగింది, కదలకుండా. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ముల్లంగి పులుసు కాచి, అతని గిన్నె మీద మూత పెట్టింది.

ఆమె తీగ లాగిన ఆ క్షణాన, సరిగ్గా వాళ్ళ కాళ్ళ కింద, నీళ్ళ ఒత్తిడికి తెరుచుకోని సెల్లారు ఇనపతలుపు వెనక, గొంతు లోతు నీళ్ళలో నిలబడి జుంగ్‌యెన్ తల మీదికెత్తి పట్టుకున్న ఫోన్‌లో, అప్పటిదాకా నొక్కుతూ వచ్చిన ఇంటి దీపాల బొమ్మలన్నీ ఒక్కసారే బూడిదరంగులోకి మారిపోయాయి.