తలుపు తీయకు నాన్నా

"జుట్టు మరీ నల్లగా చేసేయకమ్మా, కాస్త తెలుపు కనిపిస్తేనే జనానికి జాలి పుడుతుంది," అని పెద్దాయన అద్దంలో చూసుకుంటూ మేకప్ అమ్మాయికి చెబుతున్నాడు.

పక్క కుర్చీలో ఉన్న గాయకుడు ముక్కు మూసుకున్నాడు. ఆ గదిలో అప్పటికే తడి తువ్వాళ్ళ కంపు ఉంది, బేసు గిటారువాడు విప్పిపడేసిన బూట్ల కంపు ఉంది, ఎవరో సగం తిని వదిలేసిన నూడుల్స్ కంపు ఉంది. వాటన్నిటి మీదా పెద్దాయన పూసుకున్న సెంటు పెత్తనం చేస్తోంది.

అతను లేచి వసారాలోకి వెళ్ళి మేనేజరు చొక్కా పట్టుకున్నాడు.

"ఎక్కడ పట్టుకొచ్చావు ఈయన్ని?"

"ఎక్కడైతేనేం, వచ్చాడుగా. నాన్నగారిని కాఫీ తాగుతారా అని అడిగావా అసలు?" అన్నాడు మేనేజరు, లోపలి అమ్మాయికి కూడా వినబడేలా.

సిగ్గూ ఎగ్గూ లేని మనిషి అనుకున్నాడు గాయకుడు. ఒకరినని ఏం లాభం, ఒప్పుకున్న తనకి మాత్రం ఏం మిగిలింది?

అతనికి పదిహేడేళ్ళప్పుడు గిటారు రెండో అంతస్తు కిటికీలోంచి వీధిలో పడింది. అది కావాలో ఇల్లు కావాలో తేల్చుకోమన్నాడు తండ్రి. అతను కిందికి దిగి ముక్కలు ఏరుకున్నాడు, మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. ఒక స్నేహితుడి కారు షెడ్డులో నలుగురూ కలిసి పాప్-పంక్ బ్యాండ్ పెట్టారు. మూడే మూడు గిటారు కార్డ్స్, తరుముకొస్తున్నట్టు డ్రమ్ములు, గొంతు చించుకునే కోపం. అక్కడ పుట్టిందే ఆ పాట: "తలుపు తీయకు నాన్నా, నేను తట్టను."

ఆ ఒక్క వాక్యం వాళ్ళని ఎక్కడికో తీసుకుపోయింది. పిల్లలు బడి సంచుల మీద రాసుకున్నారు, పరీక్ష తప్పిన ప్రతివాడూ గొంతెత్తి పాడాడు. తర్వాత ఆ పిల్లలే పెద్దవాళ్ళయి తండ్రులయ్యారు, హాళ్ళు ఖాళీ అయ్యాయి. ముప్పై ఏడేళ్ళవాడు జుట్టుకి ఆకుపచ్చ రంగేసుకుని, ఇల్లొదిలి పోతానంటూ గెంతుతుంటే ఎవడు చూస్తాడు?

అప్పుడు దిగింది టీవీ చానెల్. పాటకి ఇరవై ఏళ్ళు నిండుతున్నాయట, తండ్రిని వేదిక మీదికి పిలిచి కౌగిలించుకుంటే కచేరీ మొత్తం ప్రత్యక్ష ప్రసారం చేస్తారట. ఆ మెట్లు మళ్ళీ ఎక్కనన్నాడు గాయకుడు; తండ్రి వేషానికి మనిషిని నేను తెస్తానన్నాడు మేనేజరు. ఒప్పుకోవడమే తరువాయి, వారం నుంచి గంటకోసారి ఊదరగొడుతున్నారు: "ఇరవై ఏళ్ళ తర్వాత ఒకే వేదిక మీద తండ్రీ కొడుకులు!"

గాయకుడు చివరి ప్రయత్నంగా డ్రమ్మరు దగ్గరికి వెళ్ళాడు. నా బతుకులో అన్నీ దొంగవేషాలే, చిరుగుల ప్యాంటు కూడా చిరిగిందే కొన్నాను, ఆ పాట ఒక్కటే నిజం, దాన్నయినా వదిలేయండిరా అన్నాడు.

డ్రమ్మరు కర్రలు కింద పెట్టాడు. "నాకూ ఛీ అనే ఉందిరా. కానీ ఇది కూడా పోతే మనల్ని పుట్టినరోజు పార్టీకి కూడా ఎవడూ పిలవడు. నలభై దగ్గరపడ్డాక నాకు ఇంకే పనొచ్చు?"

గాయకుడు ఆ కర్రలు తీసి వాడి చేతికిచ్చాడు. గదిలోకి తిరిగొచ్చేసరికి పెద్దాయన అద్దం ముందు "తప్పయిపోయిందిరా, నన్ను క్షమించు" అంటున్నాడు. రెండుసార్లు అన్నాక నచ్చలేదేమో, మూడోసారి గొంతు వణికించాడు. ఎడమ కంట్లోంచి చుక్క రాలింది. మేకప్ అమ్మాయి కరిగిపోయింది.

"ఇంత మెత్తటి చేతులు... ఈయన గిటారు విసిరేశారంటే నమ్మబుద్ధి కావట్లేదు సార్," అంది.

"కోపానికి చేతులతో పనేముందమ్మా," అని పెద్దాయనే నిట్టూర్చి, గాయకుడి వైపు తిరిగాడు. "ఇవాళ మీ అమ్మ ఉండుంటే ఎంత..."

"మా అమ్మ ఊసెత్తితే నేను స్టేజీ ఎక్కను."

"సరే బాబూ, అది వదిలేద్దాం," అన్నాడు ఆయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

సాయంత్రం అయిదింటికి తెర లేచింది. హాలు కిక్కిరిసింది. ఇన్నాళ్ళకి నిండిన ఆ హాలుని చూసి అతనికి సంతోషం కలగలేదు, ఒళ్ళంతా కంపరమెత్తింది. వీళ్ళు పాట కోసం రాలేదు, ఏడుపు కోసం వచ్చారు. చివరి పాటగా అదే పాడాడు. "నేను తట్టను" అని హాలంతా అరుస్తుండగా మేనేజరు సైగ చేశాడు. పెద్దాయన కాలీడ్చుకుంటూ వచ్చాడు. గదిలో ఆ కుంటు లేదు.

"తప్పయిపోయిందిరా," అన్నాడు మైకులో. "నన్ను క్షమించు."

హాలంతా ఫోన్లు పైకెత్తింది. గాయకుడి చేతిలో మైకు ఉంది. ఒక్కమాట చాలు, ఈ రొచ్చంతా ఇక్కడితో తెగిపోతుంది. వెనక్కి చూస్తే డ్రమ్మరు రెండు కర్రలూ కలిపి పట్టుకుని దణ్ణం పెడుతున్నాడు.

"నాన్నా," అన్నాడు గాయకుడు, చేదు మాత్ర మింగినట్టు.

చేతులు చాచి ఆయన్ని కౌగిలించుకున్నాడు. సెంటు ముక్కుపుటాలు అదరగొట్టింది. వదలబోతుంటే పెద్దాయన వీపు మీద పట్టు బిగించి, "ఇంకాసేపు ఉండు బాబూ, కెమెరా ఇంకా ఇటు తిరగలేదు," అని చెవిలో గొణిగాడు.

గాయకుడు ఊపిరి బిగబట్టి, ఆ భుజం మీదుగా హాలు వైపు చూశాడు. జనం కళ్ళు తుడుచుకుంటూ వరుస వెంట వరుస లేచి నిలబడుతున్నారు, చప్పట్లు ఆగడం లేదు.

మూడో వరుసలో అతని అసలు తండ్రి కూడా లేచి చప్పట్లు కొట్టాడు.