పక్క జట్టు బెంచీ

తలకు దెబ్బ తగిలి లేచిన బెక్జాత్ మంచు మీద జారుతూ వెళ్లి నేరుగా పక్క జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్లు పడీపడీ నవ్వారు.

"మా జట్టులోకి ఎప్పుడొచ్చావ్ తమ్ముడూ? ఉండు, టీ తాగి వెళ్దువుగాని."

అది కజకిస్తాన్‌లోని ఉస్కెమెన్‌లో ఐస్ హాకీ ఫైనల్. స్కోరు సమానం. ఇంకా నాలుగు నిమిషాలుంది. వాణ్ణి తీసుకుపోదామని వచ్చిన మాస్కో క్లబ్బు వాళ్లు పై వరసలో కూర్చుని చూస్తున్నారు.

వాడి కోచ్‌ని నేను. వెనక్కి రప్పించాను.

"హెల్మెట్ తియ్. ఇవాళ్టికి చాలు."

"నాకేం కాలేదు ఆగా," అన్నాడు, పెద్దన్నను పిలిచినట్టు. "పంపించండి."

"స్కోరెంత?"

"మనమే గెలుస్తున్నాం కదా."

"కూర్చో."

వాడు నా మొహంలోకి చూశాడు. "మాస్కో మీకు దక్కలేదని నాకూ దక్కనివ్వరా?"

మేం ఓడిపోయాం.

ఎనభై మూడు ఫైనల్లో మా కోచ్‌ను నేనూ ఇలాగే అన్నాను. అద్భుతంగా ఆడుతున్న నన్ను ఓర్వలేక కూర్చోబెట్టాడని నలభై ఏళ్లు ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆయన పోతే చూడటానికైనా వెళ్లలేదు.

ఆ రోజు నేనెలా ఆడానో బెక్జాత్‌కు చెప్పబోయాను. మొదటి విరామం తర్వాత ఏం జరిగిందో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.