కిందికి దిగని బ్లేడు

కొట్టు కట్టేసి వచ్చేసరికి షావుకారు చేతిలో కలుపు మందు సీసా, పురుగుల మందు డబ్బా, కడుపులో బోలెడంత కుళ్ళు ఉన్నాయి. గోడకు అవతల తోడల్లుడి పచ్చిక నిగనిగలాడుతోంది. ఇవతల తనది గజ్జి పట్టిన గొర్రెలా ఉంది.

ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "ఏం మందు కొడుతున్నావు తమ్ముడూ? నా దగ్గర కూడా దాపరికమేనా?"

"మందేం లేదన్నయ్యా. అంతా ఆ గడ్డి కోసే మిషను చలవ."

"ఏ మిషను?"

"నిరుడు మీరు నాకు అమ్మిందే! బ్లేడు కిందికి దిగదుగా, గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తు మిగిలిపోతోంది. ఆ నీడలో కలుపు మొలవట్లేదు. మీరేమో కొత్త మిషనుతో గుండు గీసేస్తారు."

వెనక నుంచి భార్య అందుకుంది. "పాడైన మిషను మా మరిదికి అంటగట్టానని ఆ రోజు ఎంత మురిసిపోయారండీ!"

షావుకారు సీసాను వెనక్కి దాచుకున్నాడు. "తమ్ముడూ, దాన్ని ఓసారి ఇస్తావా?"

"దానిదేముంది, పట్టుకెళ్ళండి. బ్లేడు మాత్రం బాగు చేయించకండి."

లెక్క చూసుకుంటే, ఆ సాయంత్రం షావుకారు ఇంటికి వచ్చింది తన పాత మిషనే. అదీ అరువుకి.